అతుకులక్క పాటలు అతకని ఐదు వారాలు

స్కేటింగ్ రింక్‌లో పాటలు పెట్టే ఆవిడని అందరూ అతుకులక్క అంటారు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. ఆవిడ పలుకుతుంది. ఆ ఐదు వారాల సంగతి ఇప్పుడు ఎవరు ఎత్తినా ముందుగా నవ్వేది ఆవిడే. అప్పుడు మాత్రం తిండి సయించలేదు, కంటి మీద కునుకు లేదు, ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

రింక్ ఒకప్పుడు గోదాము. రేకుల కప్పు, చెక్క నేల, చుట్టూ నడుమెత్తు కమ్మీ. ఒక చివర పదకొండు ఇనప మెట్లెక్కితే చిన్న గాజుగది. అందులో రెండు ప్లేయర్లు, వాటి మధ్య రెంటి పాటల్నీ కలిపే మిక్సర్, ఒక పక్క మెత్త చిరిగిపోతే పాత మేజోడు తొడిగిన హెడ్‌ఫోన్లు. అక్కడ కూర్చుంటే కింద చక్రాల బూట్లతో తిరిగేవాళ్ళందరూ అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తారు. అక్క ఆ కుర్చీలో కూర్చోబట్టి ఇరవై నాలుగేళ్ళు.

ఆవిడ పుట్టి పెరిగింది రైలుపెట్టెలాంటి మూడు గదుల ఇంట్లో. ముందు గదిలో వాళ్ళమ్మ పిల్లలకి పాట నేర్పేది. వెనక గదిలో మామయ్య డ్రమ్ములు సాధన చేసేవాడు. ఆయన ఒక హోటల్ బ్యాండులో వాయించేవాడు. ఆ అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఒకరి సంగీతం ఒకరికి పడేది కాదు. ఆవిడ తలుపు మూసుకునేది, ఆయన గోడకి దుప్పట్లు వేలాడదీసేవాడు. ఎన్ని చేసినా రెండు చప్పుళ్ళూ వచ్చి మధ్య గదిలో హోంవర్కు చేసుకునే పిల్ల నెత్తిన పడేవి. మొదట్లో తలనొప్పి వచ్చేది. తర్వాత అదొక ఆటైంది. ముందు గది దెబ్బా, వెనక గది దెబ్బా ఎప్పుడు కలిసి పడతాయో ముందే పసిగట్టడం ఆ ఆట. తొమ్మిదో ఏట ఒక సంగతి కనిపెట్టింది. అమ్మ మూళ్ళ లెక్కలో చప్పట్లు వేయిస్తూ, మామయ్య నాలుగు లెక్కలో వాయిస్తూ ఉంటే, ప్రతి పన్నెండు దెబ్బలకీ ఇద్దరూ ఒకచోట దిగుతారు. లెక్కల పుస్తకం అంచునిండా పెన్సిలు గీతలు గీసుకుని లెక్కపెట్టేది. స్కూల్లో టీచరు అవి చూసి చెవి మెలిపెట్టింది.

పాట నేర్పుదామని వాళ్ళమ్మ చాలా తంటాలు పడింది. గొంతు లొంగలేదు. మామయ్య కర్రలు చేతికిచ్చి చూశాడు. చెయ్యి ఒక దారి, కాలు ఒక దారి పట్టమంటే రెండూ కలిసే పోయేవి. వాళ్ళమ్మ విసిగిపోయి, "దీనికి దేవుడు చెవులు మాత్రం పెట్టి, మిగతావి మరిచిపోయాడురా తమ్ముడూ" అంది. ఆ ఇద్దరూ ఒప్పుకున్న మాట బహుశా అదొక్కటే.

ఇరవై రెండో ఏట రింక్‌లో టికెట్లిచ్చే పని దొరికింది. కిటికీలోంచి చూస్తూ కూర్చుని ఒకటి గమనించింది. పడేవాళ్ళు ఎక్కువమంది పాటకీ పాటకీ మధ్య పడుతున్నారు. పాట నడుస్తున్నంతసేపూ దాన్ని పట్టుకునే కాలు కదులుతుంది. అది చటుక్కున ఆగేసరికి, మెట్టుందనుకుని అడుగేసిన మనిషిలా తడబడతారు. పాటలు పెట్టే ఆయన వేరే పనికి వెళ్ళిపోయినప్పుడు మేనేజరు ఆవిణ్ణి అడిగాడు.

"నీకు ఈ పని వచ్చామ్మా?"

"ఒక పాట అవకముందే ఇంకో పాట మొదలుపెట్టడం వచ్చండి."

"అవకముందే ఎందుకు?"

"ఎవరూ పడకుండా ఉండటానికి."

అలా పైకెక్కింది. ఎక్కాక తెలిసింది, అసలు తగాదా వేరే ఉందని. శనివారం మధ్యాహ్నం రింక్ అందరిదీ. అరవై దాటినవాళ్ళు వయొలిన్ల మీద సాగే పాత సినిమా పాటలు కావాలనేవాళ్ళు. కుర్రకారుకి గుండెలదిరే దరువు కావాలి. ఒకరి పాట వస్తే ఇంకొకరు కమ్మీకి ఆనుకుని మూతి ముడుచుకునేవాళ్ళు. అక్కకి ఇది కొత్తేం కాదు, పుట్టినప్పట్నించీ చూస్తున్నదే.

పాత పాటలో గాయని గొంతు ఉంచేసి కింది వాయిద్యాలు తగ్గించేది. ఆ ఖాళీలో మెల్లగా డ్రమ్ములు దింపేది. వేగం వెంట్రుకవాసి పెంచేది. నిమిషం గడిచేసరికి ఇంకొంచెం. పెద్దవాళ్ళకి తెలియకుండానే కాళ్ళు చురుకయ్యేవి. అప్పుడు ఎక్కడో దూరంలో ఉన్నట్టు కుర్రాళ్ళ దరువు మొదలై, దగ్గరికొచ్చి, పాత పాటలోని ఒక్క మాటని మాత్రం పైన నిలబెట్టి మిగతాదంతా ఆక్రమించేది. తిరిగి వచ్చేటప్పుడు అదే దారిలో వెనక్కి. రిటైరైన రైలు డ్రైవరొకాయన ఆ దరువుకి ఇంజను పాట అని పేరు పెట్టుకుని, "అక్కా, ఇంజను ఎప్పుడొస్తుంది?" అని అడిగేవాడు. కాలేజీ పిల్లలు తమ అమ్మమ్మల నాటి పాటలు చరణాలతో సహా పాడేవాళ్ళు. మేనేజరు మొదటిరోజు నోరు తెరుచుకుని విని, "ఏంటమ్మా ఇది, పాటలా, అతుకుల బొంతా?" అన్నాడు. పేరు అప్పుడు పడింది.

వాళ్ళమ్మకి మాత్రం ఈ వ్యవహారం నచ్చలేదు. "మా అమ్మాయి పాటల్ని ముక్కలు కోసి పులుసు పెడుతోంది" అని శిష్యులకి చెప్పేది. రింక్ గడప తొక్కలేదు.

ఇక లైబ్రరీ మేడం సంగతి. నలభై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాక, అరవై రెండో ఏట చక్రాల బూట్లు కట్టుకుందావిడ. ఆకుపచ్చ హెల్మెట్, మోకాళ్ళకి చిప్పలు, నిటారు నడుము. ప్రతి శనివారం కమ్మీ పక్కన బయటి వరసలో తిరిగేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. అక్కకి ఆవిడంటే గొప్ప గురి. పాట ఎంత మెలిక తిరిగినా ఆవిడ అడుగు చెదిరేది కాదు. మొత్తం రింక్‌లో మంచి చెవి ఉన్నది ఈవిడకే అనుకునేది. కొత్త అతుకు వేసినప్పుడల్లా ముందు ఆకుపచ్చ హెల్మెట్ వైపే చూసేది. అది సాఫీగా సాగితే అతుకు కుదిరినట్టే.

ఒక శనివారం అక్క సాహసం చేసింది. అప్పటిదాకా నాలుగు లెక్కలో ఉన్న పాటలనే ఒకదానికొకటి కలిపేది. మూళ్ళ లెక్కలో ఊగే పాటనించి నాలుగు లెక్క పాటలోకి దాటడం మనుషులు తిరుగుతున్న నేల మీద ఎప్పుడూ చేయలేదు. నెలరోజులు ఇంట్లో సాధన చేసింది. గాజుగదిలో ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. పది, పదకొండు, పన్నెండు. డ్రమ్ము పడింది. దాంతోపాటు లైబ్రరీ మేడం పడింది.

ధన్‌మన్న చప్పుడు గాజు దాటి వినిపించింది. అక్క పాట ఆపేసి మెట్లు దిగేసరికి, బూట్లకి చక్రాలు బిగించే చక్రాల బాబాయి అప్పటికే ఆవిడ పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. మేనేజరు అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు. మేడం స్పృహలోనే ఉంది. ఎడమ మణికట్టు ఉండకూడని వైపుకి వంగి ఉంది. హెల్మెట్ పగిలింది, తల పగల్లేదు. స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే ఆవిడ అందరినీ చూసింది గానీ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనం అక్క గుండెల్లో ముల్లులా దిగింది.

నా వల్లే, అనుకుంది. మూడు కోసం వెతుక్కున్న కాలికి నాలుగు తగిలింది. అంత మంచి చెవి గలావిడనే పడేశాను.

ఆ రోజునించి అతకడం మానేసింది. ఒక పాట మొత్తం పెట్టేది. అది అయిపోయేది. నిశ్శబ్దం. ఇంకో పాట. ఆ నిశ్శబ్దాల్లో చిన్నాచితకా పడటాలు మళ్ళీ మొదలయ్యాయి. పెద్దవాళ్ళు ఒక మూల, కుర్రాళ్ళు ఒక మూల చేరారు. రైలు డ్రైవరు పైకి చూసి, "అక్కా, ఇంజను షెడ్డుకి పోయిందా?" అని కేకేశాడు. మేనేజరు అడిగితే మిక్సర్ సరిగ్గా లేదంది.

"బాగు చేయించమంటావా?"

"వద్దండి. దానంతటదే కుదురుకుంటుంది."

మరోరోజైతే మేనేజరు ఆ జవాబుకి నవ్వేవాడు. ఆయన కూడా ఎందుకో దిగాలుగా తలూపి వెళ్ళిపోయాడు.

రెండుసార్లు అక్క మేడం ఇంటికి బయల్దేరింది. మూడో అంతస్తు ఆవిడది. మొదటిసారి వీధి తలుపు దగ్గర్నించే తిరిగొచ్చింది. రెండోసారి రెండో అంతస్తుదాకా ఎక్కింది. అక్కడ ఎవరో తలుపు తీసి, "ఎవరు కావాలండీ?" అంటే, "ఇల్లు పొరబడ్డానండి" అని గబగబా దిగిపోయింది.

ఐదో వారం గురువారం పొద్దున వంటింట్లో వాళ్ళమ్మ పట్టుకుంది. డెబ్బై నాలుగేళ్ళు ఆవిడకి. కూతురింట్లోనే ఉంటూ ఇప్పటికీ ఇద్దరు శిష్యులకి పాట చెబుతోంది.

"నెలరోజులైంది. ఇంట్లో ఆ డొప్పలు చెవులకి పెట్టుకోవడం మానేశావు. పీడా పోయిందనుకుందామంటే నీ మొహం చూడలేకపోతున్నాను. ఏమైందే?"

అక్క మొదట ఏం లేదంది. తర్వాత బల్ల మీద చెయ్యి పెట్టుకుని మొత్తం చెప్పేసింది. వాళ్ళమ్మ ఓదార్చలేదు, తిట్టలేదు. గ్లాసు పక్కకి జరిపి, "మూడులోంచి నాలుగులోకి ఎక్కడ దాటావు?" అనడిగింది.

"పన్నెండు దగ్గర."

"నువ్వు నాలుగు వెయ్యి. నేను మూడు వేస్తాను."

ముసలావిడ అరచేత్తో బల్ల మీద మూళ్ళు వేసింది. అక్క చెంచాతో నాలుగులు కొట్టింది. పన్నెండు నిండి మళ్ళీ ఒకటి పడేచోట చెయ్యీ చెంచా కలిసి దిగాయి.

"ఇక్కడేనా?"

"ఇక్కడే."

"ఒక దెబ్బ ముందు కాదుగా? బాగా గుర్తు తెచ్చుకో."

"కాదమ్మా."

వాళ్ళమ్మ ఇంకో రెండుసార్లు వేయించింది. పిల్లల దగ్గర తప్పు పట్టేటప్పుడు పెట్టే మొహమే పెట్టి, కళ్ళు మూసుకుని వింది. చివరికి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"లెక్క శుద్ధంగా ఉంది. మొదటిసారికే ఇది పట్టుకున్న శిష్యులు నాకు ఇద్దరు కూడా లేరు. నీకెవరు నేర్పారు?"

"నువ్వూ మామయ్యా కలిసి."

"మేమిద్దరం కలిసి ఏం చేశామే?"

"కలవకపోబట్టే నేర్చుకున్నాను."

ముసలావిడ లేచి తన గ్లాసు తనే కడుక్కుని బోర్లించింది. "ఆవిడ ఎందుకు పడిందో ఆవిడకి తెలుస్తుంది, మనకేం తెలుస్తుంది? వెళ్ళి అడుగు. ఈసారి మూడో అంతస్తుదాకా ఎక్కు" అంది.

మర్నాడు పొద్దున అక్క మూడో అంతస్తు ఎక్కింది. లైబ్రరీ మేడమే తలుపు తీసింది. ఎడమ చేతికి పిండికట్టు, దాన్ని మెడకి కట్టిన గుడ్డలో వేలాడేసుకుంది. గుమ్మంలోంచే గోడలనిండా పుస్తకాలు కనిపిస్తున్నాయి.

"మీరు... పైన గాజుగదిలో ఉండే ఆవిడ కదూ? రండి, రండి. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు విరిగింది. ఇంట్లో విరిగినవాళ్ళం ఇద్దరం అయ్యాం."

అక్క కూర్చోలేదు. నిలబడే, దారిపొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. మూళ్ళ పాట, నాలుగు పాట, పన్నెండో దెబ్బ, డ్రమ్ము, పడటం. "నా తప్పే మేడం. మిమ్మల్ని చూసే నేను పాటలు కలుపుకునేదాన్ని. మీరంత బాగా వింటారని..."

మేడం నుదురు ముడిపడింది. "ఏ పాట?"

"ఆ రోజు మీరు పడినప్పటి పాట."

"పాటేదో నాకేం తెలుసమ్మా?" అంటూ ఆవిడ జుట్టు వెనక్కి తోసి చెవి చూపించింది. చెవి వెనక చిన్న మిషన్ ఉంది. "రెండు చెవులకీ ఉన్నాయి. ఇవి లేకపోతే నాకు పిడుగు పడ్డా వినపడదు. స్కేటింగ్‌కి వచ్చినప్పుడు తీసేసి పర్సులో పెట్టుకుంటాను, చెమటకి పాడవుతాయని. మీ పాట నేను ఒక్కటీ వినలేదు. అంబులెన్సు వాళ్ళు అడిగింది కూడా వినపడలేదు. మా అబ్బాయి వచ్చి పర్సు తెరిచేదాకా నాకు మాటల్లేవు."

అక్క కాలు విరిగిన కుర్చీలోనే కూర్చోబోయింది. మేడం కుడిచేత్తో పట్టి పక్క కుర్చీలోకి మళ్ళించింది.

"మరి మీ అడుగు... అంత కచ్చితంగా పడేది?"

"ముందువాళ్ళ మడమలు చూస్తూ పోతాను. వాళ్ళెలా వేస్తే అలా వేస్తాను. అందుకే శనివారమే వచ్చేదాన్ని. ఒకసారి బుధవారం వచ్చి చూశాను. నా వల్ల కాలేదు. ఒకరు ఇటు, ఒకరు అటు, ఎవరి తీరు వారిది, మడమలు చూద్దామంటే ఎవరివి చూడాలి?"

"బుధవారం నాకు సెలవు మేడం. పాటలు వాటంతటవే వస్తుంటాయి."

"అయితే శనివారం అందరూ ఒకే తీరున తిరగడం మీ పనా? నేనింకా శనివారం వచ్చేవాళ్ళు మర్యాదస్తులు అనుకున్నాను."

అక్కకి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మేడం మంచినీళ్ళిచ్చి, ఆవిడ తేరుకున్నాక గొంతు తగ్గించి అంది.

"నేనెందుకు పడ్డానో చెబుతాను, ఎవరికీ చెప్పకండి. లేసు ఊడింది. మీ చక్రాల ఆయన ప్రతిసారీ మొత్తుకుంటాడు, రెండు ముళ్ళు వెయ్యండి మేడం అని. నాకు ముడి వెయ్యడం కూడా ఒకరు చెప్పాలా అని ఒక్కటే వేశాను. అది కాలి కింద పడింది. ఇది చెబితే మా అబ్బాయి ఇంక బూట్లు ముట్టుకోనివ్వడు. అందుకని నేల తడిగా ఉందన్నాను. వాడు మీ మేనేజరుకి ఫోన్ చేసి గట్టిగానే అడిగినట్టున్నాడు."

మేనేజరు ఎందుకు దిగాలుగా ఉన్నాడో అక్కకి అప్పుడు అర్థమైంది.

"మీ అబ్బాయికి నేను చెప్పను మేడం. మేనేజరుకీ, చక్రాల బాబాయికీ మాత్రం చెప్పనివ్వండి. వాళ్ళూ మనుషులే."

మేడం పిండికట్టు వంక చూసుకుని, "సరే. అబ్బాయికి నేనే చెబుతాను, బూట్లు మళ్ళీ కట్టుకున్నాక" అంది.

మెట్లు ఎలా దిగిందో అక్కకి గుర్తులేదు. రింక్‌కి వెళ్ళేసరికి చక్రాల బాబాయి కింద బెంచీ మీద ఒక బూటు విప్పి, ముక్కలన్నీ వరసగా పేర్చుకుని ఉన్నాడు. అది మేడం తొడుక్కున్న బూటు. ఇన్ని వారాలుగా ఆయన దాన్ని ఎన్నిసార్లు విప్పి బిగించాడో లెక్కలేదు. ఏ మర వదులైందో కనిపెట్టాలని.

"బాబాయ్, అది బాగానే ఉంది. వదిలేయ్. లేసుకి ఒక్క ముడే వేసిందట."

ఆయన తలెత్తాడు. "ఒక్క ముడా?"

"ఒక్కటే."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "నేను చెప్పానే అమ్మా. ప్రతివారం చెప్పాను" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. నెలరోజులుగా బిగపట్టుకున్న ఊపిరంతా ఒక్కసారి వదిలినట్టు ఉంది.

ఈలోగా మేనేజరు వచ్చాడు. ఆయన రోజుకి రెండుసార్లు దగ్గరుండి నేల తుడిపిస్తున్నాడు, సబ్బు మూడుసార్లు మార్పించాడు. సంగతి విని చెక్క నేలకేసి జాలిగా చూశాడు. "పాపం, దీన్ని అనవసరంగా అనుమానించాను" అన్నాడు. ముగ్గురూ ఆ బెంచీ మీదే కూర్చుని నవ్వారు. ఒకరు ఆపితే ఇంకొకరు మొదలుపెట్టారు. నవ్వు తగ్గాక మేనేజరు, "మిక్సర్ ఎలా ఉంది?" అనడిగాడు.

"పొద్దుటినించీ నయంగా ఉందండి" అంది అక్క.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం జనం మామూలుగానే వచ్చారు. లైబ్రరీ మేడం కూడా వచ్చి, మెడలో కట్టుగుడ్డతో కమ్మీ బయట కుర్చీ వేసుకుంది. ఈసారి రెండు చెవులకీ మిషన్లున్నాయి. అక్క మొదటి అరగంట మామూలు అతుకులే వేసింది. వేళ్ళు కాస్త బిగుసుకుని ఉన్నాయి, మూడో పాటకి వదులయ్యాయి. రైలు డ్రైవరు రెండు చేతులూ పైకెత్తి, "ఇంజనొచ్చింది" అని అందరికీ చెప్పాడు. పెద్దవాళ్ళు మూల వదిలి వరసలోకి వచ్చారు.

ఆ తర్వాత మూళ్ళ పాట ఎత్తుకుంది. కిందివాళ్ళు దానితోపాటు ఊగుతూ తిరిగారు. అక్క ఎవరి హెల్మెట్ వైపూ చూడలేదు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టుకుని, పన్నెండు నిండగానే డ్రమ్ము వదిలి కళ్ళు తెరిచింది. ఒకరిద్దరి భుజాలు కొద్దిగా కదిలి సర్దుకున్నాయి. వరస సాగిపోయింది. ఎవరూ పడలేదు.

ఐదింటికి రింక్ మూశాక మేడం ఇనప మెట్ల కింద నిలబడి ఉంది. ఒక చెవి మిషన్ తీసి చేతిలో పట్టుకుంది.

"ఎలా ఉంది మేడం?"

"చాలా చప్పుడమ్మా. ఇంత చప్పుడులోనా నేను ఇన్నాళ్ళూ తిరిగింది?"

"నచ్చలేదా?"

"నచ్చింది. నాకు ఒక్క చెవికి చాలు" అంది మేడం. కట్టు ఎప్పుడు విప్పుతారో, ఎన్నాళ్ళకి మళ్ళీ బూట్లు కట్టుకోవచ్చో చెప్పింది. చక్రాల బాబాయి దూరంనించి, రెండు ముళ్ళన్నట్టు, రెండు వేళ్ళు చూపించాడు. మేడం తలూపింది.

అక్క బస్సెక్కింది. బయట ఇంకా ఎండ ఉంది. కిటికీ పక్కన సీటు దొరికింది. తల ఆనించిందో లేదో, నిద్ర ముంచుకొచ్చింది. ఆఖరి స్టాపులో కండక్టరు వచ్చి భుజం తట్టి లేపాడు.

"ఎక్కడ దిగాలమ్మా?"

ఆవిడ కళ్ళు నులుముకుని బయటికి చూసి, "ఆరు స్టాపుల వెనక" అంది.

"వెనక్కి వెళ్ళే బస్సుకి ఇంకో పావుగంట ఉంది."

"ఫర్వాలేదు బాబూ, నడుస్తాను" అని, ఒళ్ళు విరుచుకుని, దిగి నడిచింది.